ఆఖరి పది నిమిషాలు

మా అపార్టుమెంటులో మూడో అంతస్తులో ఉండే అమ్మాయి ఒకరోజు పొద్దున్నే వచ్చి, "అక్కా, పదకొండింటికి మీ ముందుగది ఒక గంటసేపు ఇస్తారా?" అని అడిగింది. వీడియోలో ఇంటర్వ్యూ ఉందట. వాళ్లది రెండు పడకగదుల ఇల్లు. ఒక గదిలో మోకాళ్ల ఆపరేషనై మామగారు పడుకుని ఉన్నారు. రెండో గదిలో భర్త ఇంటినుంచే ఆఫీసు పని చేస్తాడు. హాల్లో అత్తగారు, టీవీ, మూడేళ్ల పాప. భర్త ఒక గంట హాల్లోకి రావచ్చు కదా అని మీకు తోచే ఉంటుంది. నాకూ తోచింది. ఆయనకు సరిగ్గా ఆ టైముకే మీటింగు ఉందట.

పాపని తీసుకుని నేను వంటింట్లో కూర్చున్నాను. మధ్యలో ఒక తలుపే. నలభై నిమిషాలపాటు వినిపించిన గొంతు, రోజూ లిఫ్టు దగ్గర "బాగున్నారా అక్కా" అని నెమ్మదిగా పలకరించే గొంతులా లేదు. మాటలు నాకు సగం అర్థం కాలేదు. బ్యాంకుల మధ్య డబ్బు చెల్లింపుల లెక్క, ఒకేసారి లక్షమంది నొక్కితే ఎక్కడ ఆగిపోతుంది, ఆగకుండా ఏం చెయ్యాలి - ఇలాంటివి. కానీ గొంతులో ఎక్కడా తొట్రుపాటు లేదు. అవతలివాళ్లు ఏదో అంటే, "కాదండీ, అలా చేస్తే కస్టమరు దగ్గర రెండుసార్లు డబ్బు కట్ అవుతుంది" అని సరిదిద్దింది కూడా. తర్వాత అవతల మనిషి మారినట్టున్నారు. ఈమె గొంతూ మారింది.

"అవునండీ, అయింది."

"పాప సార్. మూడేళ్లు."

"మా అత్తగారు చూసుకుంటారండీ."

"లేదు సార్, ఇప్పట్లో లేదు." కాసేపు ఆగి, "లేదు సార్, ఇద్దరం అనుకున్నాం."

"ఆయనకేం అభ్యంతరం లేదండీ."

నాకు జవాబులే వినిపించాయి. ప్రశ్నలేమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. పది నిమిషాల్లో అది ముగిసింది. బయటికి వచ్చి పాపని ఎత్తుకుని, "బాగానే అయింది అక్కా, ఆఖర్లో ఊరికే మామూలు మాటలు" అంది. రెండు వారాల తర్వాత రెండు వాక్యాల ఈమెయిలు వచ్చింది. మీ పట్ల మాకు గౌరవం ఉంది, ప్రస్తుతానికి ముందుకు తీసుకెళ్లలేకపోతున్నాం. కారణం లేదు.

పిల్ల ఉందనే ఆ ఉద్యోగం రాలేదని నేను అనడం లేదు. ఆమెకన్నా బాగా చేసినవాళ్లు ఇంకొకరు ఉండి ఉండచ్చు. నా బాధ ఏమిటంటే, ఆ సంగతి ఆమెకు ఎప్పటికీ తెలిసే వీల్లేదు, నాకూ లేదు, రేపు ఏ కోర్టుకైనా లేదు. నలభై నిమిషాలు ఆమె ఏం చెప్పిందో మార్కులు వేసి ఎక్కడో రాసుకుని ఉంటారు. "ఊరికే మామూలు మాటలు" అని ఆమె అన్న ఆ ఆఖరి పది నిమిషాలకు మాత్రం ఆమె చేతిలో ఒక చీటీముక్క కూడా లేదు.

స్త్రీల పని గురించి మనం చాలా రాసుకున్నాం. బీడీలు చుట్టే వేళ్ల గురించి, కూలి రేట్ల తేడా గురించి, లెక్కకు రాని ఇంటిపని గురించి, పనిచోట లైంగిక వేధింపుల గురించి. ఇదంతా ఏదో ఒక పనిలో ఉన్న స్త్రీల గురించి. పని గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిన స్త్రీ మన లెక్కల్లోకి రాదు. ఆమె ఏ కంపెనీకీ ఉద్యోగి కాదు, ఏ సంఘానికీ సభ్యురాలు కాదు. ఫిర్యాదు చేయడానికి ఆమెకు ఒక చిరునామా కూడా ఉండదు. పైగా ఇది సాఫ్ట్‌వేర్ అనేసరికి మనలో చాలామందికి ఒక విసుగు. "లక్షల జీతాల అమ్మాయిలు, వాళ్లకేం తక్కువ?" అని ఒక సమావేశంలో నా స్నేహితురాలే అంది. ఆ మాటకు జవాబు చెప్పాలంటే మా ప్రగతి నగర్ గురించి కొంచెం చెప్పాలి.

ప్రగతి నగర్ ఒకప్పుడు గ్రామ పంచాయతీ. 2019లో నిజాంపేట, బాచుపల్లితో కలిపి మున్సిపల్ కార్పొరేషన్ చేశారు. ఒకపక్క 1972లో ఏర్పడిన జేఎన్‌టీయూ, దాని చుట్టూ పుట్టుకొచ్చిన కాలేజీలు. ఇంకోపక్కకు వెళ్తే పది కిలోమీటర్లకు అటూ ఇటుగా హైటెక్ సిటీ. 1998 నవంబరులో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించిన నాటికి ఈ మధ్యనున్నవి ఎక్కువగా చెరువులూ పొలాలూ రాళ్లూ. ఇప్పుడు ఈ పది కిలోమీటర్లలో ఉన్న ఆడపిల్లల హాస్టళ్లను చూస్తే, చదువు పూర్తయి ఉద్యోగం రానివాళ్లు ఒక ఊరంత ఉంటారనిపిస్తుంది. మిర్యాలగూడ, నర్సంపేట, పిడుగురాళ్ల, ఆత్మకూరు నుంచి వచ్చినవాళ్లు. 2008 ప్రాంతంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్, ఇంజనీరింగ్ సీట్లలో ఆడపిల్లలకున్న మూడోవంతు రిజర్వేషన్, వీటి మీద ఆధారపడి చదువుకున్నవాళ్లు చాలామంది. తండ్రి కౌలు రైతు, తల్లి అంగన్‌వాడీ ఆయా అయిన అమ్మాయికి ఈ ఇంటర్వ్యూ లక్షల జీతం సంగతి కాదు. ఇంకో ఆర్నెల్లు హాస్టలు బిల్లు కట్టడమా, ఇంటికి వెళ్లి కుదిరిన సంబంధం చేసుకోవడమా అనే సంగతి. దేశంలోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో మూడోవంతు కన్నా కాస్త ఎక్కువమంది స్త్రీలని పరిశ్రమ సంఘం నాస్కామ్ గర్వంగా చెప్పుకుంటుంది. గర్వపడాల్సిందే. కానీ ఆ మూడోవంతులోకి రాబోయి ఆగిపోయినవాళ్ల లెక్క ఏ సంఘమూ చెప్పదు.

ఈ తంతు ఎలా సాగుతుందో నాకూ ఈ మధ్యనే తెలిసింది. ఆదివారాల్లో మా అపార్టుమెంటు సెల్లారులో కొందరు హాస్టలు అమ్మాయిలకు ఇంగ్లీషులో మాట్లాడడం అలవాటు చేస్తుంటాను. అక్కడ విన్నవే ఇవి. నేను ఎవరినీ లెక్కపెట్టలేదు, ప్రశ్నావళి పట్టుకుని తిరగలేదు.

మొదటి వడపోత దరఖాస్తు దగ్గరే. పది, ఇంటరు, బీటెక్ అన్నింటిలో అరవై శాతం ఉండాలని చాలా కంపెనీల నియమం. దాంతోపాటు "గ్యాప్" ఉండకూడదు, ఉంటే కారణం రాయాలి. ఈ గ్యాప్ అనే మాట ఆడవాళ్ల నోట ఒకలాగా, మగవాళ్ల నోట ఒకలాగా పలుకుతుంది. సివిల్స్‌కి ప్రిపేరయ్యాననో స్నేహితులతో చిన్న కంపెనీ పెట్టి మూసేశాననో చెప్పే అబ్బాయి గ్యాప్‌లో చొరవ కనిపిస్తుంది. కాన్పు, తల్లికి కీమో, భర్తకు బదిలీ అని చెప్పే అమ్మాయి గ్యాప్‌లో నమ్మకం లేనితనం కనిపిస్తుంది. ఇప్పుడు ఈ వడపోత చాలాచోట్ల యంత్రాల పనైంది. యంత్రానికి పక్షపాతం ఉండదనుకుంటే, 2018లో బయటపడిన అమెజాన్ ఉదంతం గుర్తుచేసుకోవాలి. ఆ కంపెనీ తయారుచేయించిన ఒక ప్రోగ్రాము పాత దరఖాస్తులను చూసి నేర్చుకుంది. పాతవి ఎక్కువగా మగవాళ్లవి. దాంతో "మహిళల" అనే మాట కనిపించిన దరఖాస్తులకు, అంటే మహిళల చదరంగ క్లబ్బు కెప్టెన్ అని రాసుకున్నా సరే, మార్కులు తగ్గించడం మొదలుపెట్టింది. చివరికి దాన్ని పక్కన పడేశారు.

రెండోది ఇంటినుంచే రాసే పరీక్ష. కెమెరా తెరిచి ఉండాలి. గదిలో ఇంకో మనిషి కనిపించకూడదు, వినిపించకూడదు. కళ్లు తెరమీదనుంచి పక్కకు పోతే హెచ్చరిక వస్తుంది, రెండు మూడు సార్లయితే పరీక్ష ఆగిపోతుంది. 1929లో వర్జీనియా వుల్ఫ్ అడిగిన సొంత గది ఇప్పుడు కంపెనీలు అడుగుతున్నాయి, అది ఆమెకు ఉందనే నమ్మకంతో. నలుగురుండే హాస్టలు గదిలో ఒకమ్మాయికి పరీక్ష ఉంటే మిగతా ముగ్గురూ చెరువుగట్టు మీదికి వెళ్లి గంటన్నర కూర్చుంటారు. వానాకాలంలో మెట్లమీద. ఒకమ్మాయి పరీక్ష మధ్యలో హాస్టలు ఆయా గది ఊడవడానికి వచ్చింది. పరీక్ష ఆగిపోయింది. ఆ కంపెనీకి మళ్లీ ఆర్నెల్ల దాకా దరఖాస్తు పెట్టడానికి లేదు. చీపురుతో వచ్చిన ఆ ఆయా ఎంత ఏడ్చిందో చెప్పి ఆ అమ్మాయి నవ్వింది.

మూడోది టెక్నికల్ రౌండు, కోడు రాయించడం, రాసినదాని మీద ప్రశ్నలు. నేను ఊహించనిది ఇక్కడే విన్నాను. అమ్మాయిల్లో ఎక్కువమంది ఈ రౌండునే ఇష్టపడతారు. "అక్కడ కోడు నడుస్తుందా లేదా అన్నదే మేడం. నేనెవరైతే దానికేం?" అందొకామె. మనం సాంకేతిక రంగం అనగానే పురుషాధిక్యం అని ఒక్కమాటలో తేల్చేస్తుంటాం. ఆ రంగంలో తమకు న్యాయంగా అనిపించిన చోటు ఇది ఒక్కటేనని వీళ్లు చెప్తుంటే నేను కొంచెం తగ్గి వినాల్సి వచ్చింది. ఇందులోనూ అంతా సమానమేమీ కాదు. తెలుగు మీడియంలో పది దాకా చదివిన అమ్మాయికి జవాబు తెలిసినా వివరించేటప్పుడు ఇంగ్లీషు అడ్డం పడుతుంది. "కమ్యూనికేషన్ బాగాలేదు" అనే మూడు మాటల వెనక ఊరు, బడి, కులం అన్నీ దాక్కుంటాయి. "మీ ఇంటిపేరు ఏంటమ్మా?" అని మాటల్లో మాటగా అడిగారని ఇద్దరు దళిత అమ్మాయిలు వేర్వేరు రోజుల్లో నాకు చెప్పారు. ఆ ప్రశ్న కోడు గురించి కాదని వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

తర్వాత నాలుగోది, హెచ్చార్ రౌండు. జీతం, చేరే తేదీ మాట్లాడుకునే రౌండని పేరు. ఇందులో అమ్మాయిలను అడిగిన ప్రశ్నలు నా నోటుపుస్తకంలో ఏడెనిమిది పేజీలున్నాయి. పెళ్లయిందా. సంబంధాలు చూస్తున్నారా. పెళ్లయితే ఈ ఊళ్లోనే ఉంటారా. అబ్బాయి అమెరికాలో ఉంటే? పిల్లలు? ఎప్పుడు ప్లాన్? మొదటిదానికి సెలవు ఎన్నాళ్లు తీసుకున్నారు? పిల్లలకి ఒంట్లో బాగాలేకపోతే ఎవరుంటారు? రాత్రిపూట పనికి ఇంట్లో ఒప్పుకుంటారా? ఇవి పరుషంగా అడిగినవి కావు. చాలావరకు మర్యాదగా, నవ్వుతూ, "ఏమనుకోకండి" అని కలిపి అడిగినవి. కొన్ని ఆడవాళ్లే అడిగారు. అమీర్‌పేటలో ఒక కోచింగు సెంటరువాళ్లు ఇచ్చిన జిరాక్సు కాగితాల్లో అమ్మాయిలకు వేరే పేజీ ఉంది. మూడేళ్లవరకు పెళ్లి ఆలోచన లేదని, పెళ్లయిన వాళ్లయితే అత్తగారి సహకారం పూర్తిగా ఉందని చెప్పాలట. చిరునవ్వు మర్చిపోవద్దని కింద గీత గీసి మరీ ఉంది.

ఇవే ప్రశ్నలు అబ్బాయిలనూ అడుగుతారని కొందరంటారు. అడుగుతారు. పెళ్లయిందంటే అబ్బాయికి "స్థిరపడ్డాడు" అని ఒక మార్కు పెరుగుతుంది. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త షెల్లీ కోరెల్, ఆమె సహచరులు 2007లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. అన్నిటిలో సమానమైన దరఖాస్తులు జంటలుగా తయారుచేసి నిజమైన కంపెనీలకు పంపారు. ఒకదాంట్లో మాత్రం ఆమె తల్లి అని తెలిసేలా చిన్న సూచన. పిల్లల్లేని స్త్రీలకు తల్లులకన్నా దాదాపు రెండు రెట్లు పిలుపులు వచ్చాయి. తండ్రులకు ఏ నష్టమూ జరగలేదు. మన దగ్గరైతే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిన అబ్బాయికి కట్నం కూడా పెరిగింది. హైదరాబాదులో, సిడ్నీలో తిరిగి షియాంగ్ బియావ్ అనే చైనా మానవశాస్త్రవేత్త 2007లో వెలువరించిన పుస్తకం, మనవాళ్ల కట్నం డబ్బు ఈ ఉద్యోగాల వ్యాపారంలోకి ఎలా ప్రవహించిందో చూపించింది. అంటే పెళ్లి ఒకరికి పెట్టుబడి, ఇంకొకరికి సంజాయిషీ.

చట్టం ఏమంటుంది? చాలానే అంటుంది. పెళ్లికి ముందు అనుమతి తీసుకోవాలనే విదేశాంగ సర్వీసు నియమాన్ని ప్రశ్నించిన సి.బి. ముత్తమ్మ కేసులో 1979లో, మొదటి గర్భంతోనే ఎయిర్ హోస్టెసుల ఉద్యోగం పోవాలనే నియమం మీద నర్గీస్ మీర్జా కేసులో 1981లో సుప్రీంకోర్టు గట్టిగానే మాట్లాడింది. మన సంగతికి అన్నిటికన్నా దగ్గరిది నీరా మాథుర్ కేసు. జీవిత బీమా సంస్థలో చేరేటప్పుడు స్త్రీలు నింపాల్సిన ఫారంలో నెలసరి సక్రమంగా వస్తుందా, చివరిసారి ఎప్పుడు వచ్చింది, ఎన్నిసార్లు గర్భం వచ్చింది, గర్భస్రావాలేమైనా అయ్యాయా అనే గడులుండేవి. ప్రొబేషన్‌లో ఉన్న నీరా మాథుర్ ప్రసూతి సెలవునుంచి తిరిగొచ్చేసరికి, ఆ గడుల్లో తప్పు రాశావని ఉద్యోగం తీసేశారు. 1991లో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి తీసుకోమంది, అలాంటి గడులు స్త్రీలను అవమానించేవని, ఫారంనుంచి తొలగించాలని చెప్పింది.

ఆ కేసు గెలవడానికి ఒక కారణం నాకు ఇప్పుడు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. ఆ ప్రశ్నలు అచ్చయి ఉన్నాయి. కాగితం చేతిలో ఉంది. ముప్పై ఏళ్లకుపైగా గడిచాక ప్రశ్నలు పోలేదు, కాగితం పోయింది. అవి ఫారంలోంచి నోటిలోకి మారాయి. నియామకాల్లో స్త్రీపురుష వివక్ష చూపకూడదని 1976 సమాన వేతన చట్టంలోనే ఉండేది. దాన్ని కలుపుకున్న వేతనాల కోడు 2019లో పాసై 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది, అందులోనూ ఆ నిషేధం ఉంది. కానీ వివక్ష జరిగిందని చూపించాల్సింది ఆ అమ్మాయే. దేనితో చూపిస్తుంది? పరీక్ష రోజు ఆమె కనుగుడ్లు ఎటు తిరిగాయో రికార్డు చేసి దాచిన కంపెనీ, ఆఖరి పది నిమిషాల్లో ఆమెను ఏమడిగారో మాత్రం ఆమెకు ఇవ్వదు.

ఇక్కడ అవతలి పక్షం మాట కూడా చెప్పాలి. నాకు తెలిసిన ఒకావిడ పదిహేనేళ్లుగా ఇదే పనిలో ఉంది, ఇంటర్వ్యూలు చేయడం. ఆమెను నిలదీసినట్టే అడిగాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. "నేను అడక్కపోతే రేపు మేనేజరు నన్నడుగుతాడు. చేరిన ఏడాదిలో ఆర్నెల్లు సెలవు పెడితే ఆ సీటు ఖాళీ, జీతం మాత్రం వెళ్తుంది, క్లయింటు ఆగడు. నాకూ ఇద్దరు పిల్లలే, నన్నూ ఇలాగే అడిగారు" అంది. ఆమె చెప్పినదాంట్లో ఒక నిజం ఉంది, దాన్ని మనం దాటెయ్యకూడదు. 2017లో ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచినప్పుడు మనమంతా సంతోషించాం. యాభైమందికి పైగా పనిచేసే చోట పిల్లల్ని చూసే క్రెష్ ఉండాలనీ అందులోనే వచ్చింది. కానీ ఆ 26 వారాల జీతం మొత్తం ఎవరు కట్టాలి? ఒక పరిమితి లోపు జీతమున్నవాళ్లకు ఈఎస్‌ఐ కడుతుంది. మిగతావాళ్లకు, అంటే దాదాపు ఈ సాఫ్ట్‌వేర్ స్త్రీలందరికీ, ఆ ఒక్క యజమానే కట్టాలి. సమాజానికంతటికీ పుట్టే బిడ్డ ఖర్చును ఒక కంపెనీ ఖాతాలో రాస్తే, ఆ కంపెనీ గుమ్మంలోనే లెక్క చూసుకుంటుంది. ఆ లెక్కే "ఎప్పుడు ప్లాన్?" అనే ప్రశ్న. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒడంబడిక ఈ ప్రమాదాన్ని ముందే చూసింది. ఈ ఖర్చు సామాజిక బీమా నుంచో ప్రభుత్వ నిధులనుంచో రావాలి, యజమాని ఒక్కడి మీద పడకూడదు అంది. మన దేశం దానిమీద సంతకం పెట్టలేదు. 2017లో మనం సెలవు వారాలు లెక్కపెట్టినంత శ్రద్ధగా ఈ ఖర్చు సంగతి అడగలేదు. ఆ అడగనివాళ్లలో నేనూ ఉన్నాను.

పురుషులకూ తప్పనిసరిగా అంతే సెలవు ఉంటే ఈ ప్రశ్న ఇద్దరినీ అడగాల్సి వచ్చేది, బహుశా ఎవరినీ అడగకపోయేవాళ్లు. ఆ చర్చ ఇంకోసారి.

రాత్రి పని సంగతి కూడా అంతే. 2013 అక్టోబరులో హైటెక్ సిటీ దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని కారులో ఎత్తుకుపోయి అత్యాచారం చేసిన తర్వాత ఈ ప్రాంతంలో చాలా జరిగాయి. మరుసటి ఏడు షీ టీమ్స్ వచ్చాయి, బస్సులు వచ్చాయి, కెమెరాలు వచ్చాయి. వాటితోపాటు ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న కూడా వచ్చింది, "ఇంట్లో ఒప్పుకుంటారా?" భద్రత కల్పించాల్సినవాడి బాధ్యత, ఉద్యోగం అడిగేదాని అర్హతగా మారిపోయింది. కొత్త కార్మిక కోడ్ల ప్రకారం రాత్రి ఏడు దాటాక, పొద్దున ఆరుకు ముందు స్త్రీలను పనిలో పెట్టుకోవాలంటే వాళ్ల సమ్మతి కావాలి. ఇంటర్వ్యూ బల్లకు అటువైపు ఉద్యోగం పెట్టి "మీకు సమ్మతమేనా?" అంటే, హాస్టలు బిల్లు బాకీ ఉన్న అమ్మాయి ఏమంటుంది? పనిలో చేరి మూడు నెలలయ్యాక, లేదనడానికి వీలుండేలా అడిగితే అది సమ్మతి.

నా సంగతి కూడా చెప్పి తీరాలి, లేకపోతే ఇదంతా పైనుంచి చెప్పినట్టుంటుంది. ఇరవై ఏళ్లకిందట ఒక కాలేజీలో లెక్చరర్ ఉద్యోగానికి వెళ్తే, "మీవారు ఎక్కడ చేస్తారమ్మా? మీరు వచ్చి వెళ్లడానికి ఇబ్బంది ఉండదు కదా?" అని అడిగారు. స్త్రీల శ్రమ మీద పరిశోధన చేస్తున్న నేను, చిరునవ్వుతో, ఏ ఇబ్బందీ లేదండీ అన్నాను. ఉద్యోగం వచ్చింది. పోయిన ఏడాది మా అక్క కూతురు ఇంటర్వ్యూకి వెళ్తుంటే, "నల్లపూసలు తీసి బ్యాగులో పెట్టుకోవే, మెట్టెలు వీడియోలో కనపడవులే" అని చెప్పింది నేనే. అది ఒక్కక్షణం నా మొహంలోకి చూసి, తీసి బ్యాగులో పెట్టుకుంది. పెళ్లి గుర్తులు మాకొద్దని ఒకప్పుడు వ్యాసాలు రాసినదాన్ని, చివరికి వాటిని దాచుకోవడం నేర్పించాను.

కోచింగు సెంటరు జిరాక్సు కాగితానికీ నా సలహాకీ తేడా లేదని ఒప్పుకున్నాక, సంస్థలుగా మనం చేయగలిగినవి రెండు మూడు కనిపిస్తున్నాయి. లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం, ఉద్యోగంలో ఉన్నా లేకపోయినా పనిచోట వేధింపుకు గురైన ఏ స్త్రీ అయినా ఫిర్యాదు చేయవచ్చని చెప్తోంది. అంటే ఇంటర్వ్యూకి వెళ్లిన అమ్మాయికీ ఆ హక్కు ఉంది. ఉద్యోగం ఆశ చూపి ఫోన్ నంబరు అడిగినవాడి మీద, "సాయంత్రం కాఫీకి వస్తే మాట్లాడుకుందాం" అని ఒత్తిడి చేసినవాడి మీద ఆ కంపెనీ అంతర్గత కమిటీకే రాయవచ్చు. మనలో చాలామంది ఈ కమిటీల్లో బయటి సభ్యులుగా కూర్చుంటున్నాం, శిక్షణలు ఇస్తున్నాం. ఉద్యోగులకే చెప్పి వస్తున్నాం. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ఒక పూట, కాలేజీల్లో ఆఖరి ఏడాది అమ్మాయిలకు ఒక పూట దీనికోసం అడగాలి, మనల్ని పిలిచే కంపెనీలనే అడగాలి.

ప్రశ్నలు మళ్లీ కాగితం మీదికి రావాలి. హెచ్చార్ రౌండులో ఏమడుగుతారో ముందే రాతలో ఇవ్వాలి, అందరికీ అవే అడగాలి. తీసుకోకపోతే ఏ రౌండులో, ఎందుకో ఒక వాక్యం రాయాలి. పెళ్లి, పిల్లలు, భర్త, అత్తగారు, కులం ఆ కాగితంలో ఉండడానికి లేదు. ఏ కంపెనీ అయినా ఇవి అచ్చువేయడానికి సిగ్గుపడుతుంది, అందుకే అచ్చు అడుగుతున్నాను. ఇది కార్మిక శాఖ నిబంధనల్లోకి రావాల్సిన మాట. అంతదాకా, ఎవరికివారు తమను అడిగిన ప్రశ్నను తారీఖుతో సహా ఆ రోజే రాసిపెట్టుకోవాలి. ఒక్క అమ్మాయి రాస్తే డైరీ అవుతుంది, ఒకే కంపెనీ గురించి నలభైమంది రాస్తే దాన్ని పట్టుకుని కార్మిక శాఖకు వెళ్లచ్చు. నా నోటుపుస్తకం అలాగే మొదలైంది. మీ మీ ఊళ్లలో ఇలాంటిది మొదలుపెడితే నాకు చెప్పండి.

మూడో అంతస్తు అమ్మాయికి ఇంకో కంపెనీనుంచి పిలుపు వచ్చింది. మొన్న ఆదివారం సెల్లారులో అందరం ఆమెకు ప్రాక్టీసు చేయించాం. నేను హెచ్చార్ని. "పిల్లలున్నారా అమ్మా?" అని అడిగాను. ఆమె కోచింగు సెంటరు నవ్వు నవ్వి ఆగిపోయింది. రెండోసారి అడిగితే, "ఇది అబ్బాయిలనూ అడుగుతున్నారా అండీ?" అంది, అని తనే కంగారుపడింది. పొగరు అనుకుంటారని ఒకమ్మాయి అంది. 'అండీ' ముందుకు జరిపి చూడమని ఇంకొకామె. "ఈ ఉద్యోగానికి అది ఎలా సంబంధమో చెప్తే జవాబిస్తానండీ" అని మూడో రకం. నాలుగైదు రకాలుగా అనిపించి చూశాం, ప్రతిసారీ ఎవరో ఒకరు నవ్వేశారు. ఉద్యోగం పోతే ఈ వాక్యాల వల్లే పోయిందని ఆమె అనుకోదా అని నాకు లోపల బెరుకుగానే ఉంది, ఆ మాట ఆమెతో అన్నాను కూడా. "పోయినసారి అన్నీ ఒప్పుకున్నా రాలేదు కదక్కా" అంది.

గురువారం పదకొండింటికి ఇంటర్వ్యూ. మా ముందుగది తుడిచి పెట్టాలి. పాప నా దగ్గరే ఉంటుంది.